గొయ్యి పూడ్చే ముందు నీళ్ళు ఎటు పోతాయో చూడండి

(రాయగడలో తెలుగు కుటుంబాలు ఏర్పాటు చేసుకున్న సాయంత్రపు సభలో, రోడ్ల శాఖలో పనిచేసి రిటైరైన ఒక ఇంజనీరు చేసిన ప్రసంగం. ఆయన మాట్లాడిన తీరులోనే రాసి ఇస్తున్నాం.)

అందరికీ నమస్కారం. పెద్దలకు, అమ్మలకు, ముందు వరసలో కూర్చున్న పిల్లలకు కూడా.

నన్ను రోడ్ల గురించి నాలుగు మాటలు చెప్పమన్నారు. వానలు పడుతున్న ఈ రోజుల్లో రోడ్ల గురించి చెప్పమంటే గుంతల గురించి చెప్పమనే. మీలో చాలామంది పార్వతీపురం వైపు నుంచో గుణుపురం వైపు నుంచో బండి మీద వచ్చుంటారు. నడుము ఎక్కడ పట్టేసిందో, ఏ కల్వర్టు దగ్గర వెనక కూర్చున్నవాళ్ళని దింపి బండి నడిపించారో మీకే బాగా తెలుసు. మన ఒడియా మిత్రులు ఖాల అంటారు, మనం గొయ్యి అంటాం, గుంత అంటాం. అది ఎలా పుడుతుందో ముందు చెబుతాను. పుట్టుక తెలిస్తేనే పూడ్చడం తెలుస్తుంది.

మంచి వాన కురిసి వెలిసిన మర్నాడు, ఎండ ముదరకముందే మీ వీధి చివర తారు రోడ్డు దగ్గరికి వెళ్ళి కాసేపు గొంతుక్కూర్చుని చూడండి. నల్లటి రోడ్డు మీద సన్నటి ఎర్ర గీతలు కనిపిస్తాయి, ఎవరో చెయ్యి వణుకుతూ ముగ్గు వేసినట్టు. వేలితో రాస్తే మెత్తటి బురద అంటుకుంటుంది. పక్కనుంచి కొట్టుకొచ్చిన మట్టి అనుకుంటాం. ఆ మట్టి రోడ్డు అడుగునుంచి పైకి వచ్చింది. నా ముప్పై ఏళ్ళ ఉద్యోగంలో ఆ ఎర్ర గీత ఎక్కడ చూసినా గుండె గుభేలుమనేది. రెండు మూడు వారాల్లో అక్కడ గొయ్యి పడుతుందని దాని అర్థం.

ఎలాగంటారా? మన ఊళ్ళకు వేసే చాలా తారు రోడ్లలో పైన కనిపించే తారు పొర మందం ఇరవై మిల్లీమీటర్లు. ఇదిగో, నా బొటనవేలి వెడల్పు. దాని మీద నీళ్ళు దిగకుండా మూసే సన్నటి పూత, సీల్ కోటు. బరువు మోసేది దాని కింద ఉన్న కంకర పొరలు, వాటి కింద గట్టిపరిచిన నేల. పైన తారు గొడుగులాంటిది. ఎండిన కంకర ఎంత బరువైనా మోస్తుంది. అదే కంకరలోకి నీళ్ళు దిగితే రాళ్ళ మధ్యన ఉన్న సన్నటి పొడి జారుడు బురద అయిపోతుంది, రాయికీ రాయికీ పట్టు వదిలిపోతుంది.

గొడుగుకి చిన్న చిరుగు పడిందనుకోండి, అంటే రోడ్డు మీద పగులు వచ్చిందనుకోండి. వాననీరు లోపలికి దిగుతుంది. లారీ టైరు దాని మీదికి ఎక్కగానే ఆ నీళ్ళు నలిగి పైకి చిమ్ముతాయి. టైరు దాటగానే మళ్ళీ లోపలికి పీల్చుకుంటాయి. పైకి వచ్చిన ప్రతిసారీ లోపలి మన్ను చిటికెడు తీసుకొస్తాయి. మీరు చూసిన ఎర్ర గీత ఆ చిటికెళ్ళ లెక్క. కొన్నాళ్ళకు తారు పొర కింద బోలు పడుతుంది. పైన మొసలి వీపులా గళ్ళు గళ్ళుగా పగుళ్ళు వస్తాయి. ఒక గడి ఊడుతుంది. తెల్లారేసరికి పళ్ళెమంత గొయ్యి, వారానికి చేటంత, నెలకు ఆటో సగం దిగేంత.

నీళ్ళు ఇంకో పని కూడా చేస్తాయి. కొన్ని రకాల రాళ్ళకు తారుతో కన్నా నీళ్ళతోనే స్నేహం ఎక్కువ. నీళ్ళు నిలబడితే రాయి తారుని వదిలేసి నీళ్ళని పట్టుకుంటుంది. గొయ్యి పక్కన ఊడిపడిన కంకర చేతిలోకి తీసుకుని చూడండి. తారంతా పోయి కడిగినట్టు తెల్లగా ఉంటే అదే జరిగిందన్నమాట. చలి దేశాల్లో పగుళ్ళలోని నీరు గడ్డకట్టి, ఉబ్బి, కరిగి రోడ్డుని పగలగొడుతుంది. మనకు ఆ మంచు లేదు గానీ జూన్ నుంచి వానలు, అవి తగ్గాయనుకునేసరికి అక్టోబర్లో తుఫాన్లు. ఏ దేశంలోనైనా రోడ్డుకి శత్రువు నీరే.

ఇప్పుడు పూడ్చడం సంగతి. ఉద్యోగంలో చేరిన కొత్తలో జరిగింది చెబుతాను. ఘాటీ రోడ్డులో ఒక మలుపు దగ్గర వరసగా పడిన గుంతలు పూడ్చే పని నాకు అప్పజెప్పారు. వీఐపీ వస్తున్నారన్నారు, టెన్షన్. ట్రాక్టరు తెప్పించి, గుంతల్లో ఉన్న నీళ్ళు చీపురుతో చిమ్మించి, తారు కలిపిన కంకర, మా భాషలో మాలు, తట్టలతో పోయించి, పారతో సాపు చేయించి, చిన్న రోలర్ నాలుగుసార్లు తిప్పించాను. సాయంత్రానికి నల్లగా, నున్నగా, చూడ్డానికి ఎంతో బాగుంది. పదకొండో రోజున అదే దారిలో వెళ్తుంటే ఆ ముద్దలన్నీ అట్టుల్లా లేచి రోడ్డు పక్కన పడి ఉన్నాయి. గుంతలు మునుపటికన్నా పెద్దవయ్యాయి.

మా గ్యాంగు మేస్త్రి ఒకాయన ఉండేవారు. అక్షరం రాదు, రోడ్డు మాత్రం కంఠతా వచ్చు. నన్ను పక్కకి పిలిచి ఆ అట్టుల్లో ఒకదాన్ని తిరగేసి చూపించారు. "బాబూ, అడుగు చూడండి" అన్నారు. అడుగున ఎర్రటి బురద పేరుకుని ఉంది. తారు కింద దేన్నీ పట్టుకోలేదు, బురద మీద కూర్చుంది అంతే. తర్వాత అంచు చూపించారు. గొయ్యి అంచు పళ్ళెం అంచులా పల్చగా సాగి ఉంటుంది కదా, అక్కడ మేం వేసిన మాలు కూడా పల్చగా, కాగితంలా సాగింది. మొదటి టైరుకే ఆ అంచు విరిగి, ఆ సందులోంచి నీళ్ళు అడుగుకి దిగాయి. "పుండు కడక్కుండా పట్టీ వేశాం బాబూ" అన్నారు. ఆ మాట నాకు ఇంజనీరింగ్ కాలేజీలో ఎవరూ చెప్పలేదు.

ఆయన నేర్పిన పద్ధతి, తర్వాత నేను చదివిన మన దేశపు రోడ్డు నిబంధనలు రెండూ ఒకే మాట చెబుతాయి. ముందు గొయ్యి చుట్టూ సుద్దతో నాలుగు పలకల గీత గీయాలి. కనిపించే గొయ్యి వరకే గీస్తే చాలదు. గునపంతో పొడిచి చూస్తూ, ఖంగుమని గట్టి రోడ్డు తగిలే చోటుదాకా వెళ్ళాలి. పళ్ళెమంత గొయ్యికి ఒక్కోసారి పీటంత కోయాల్సి వస్తుంది. అంచులు గోడలా నిటారుగా నరకాలి. లోపల వదులుగా ఉన్నదంతా తీసెయ్యాలి. అడుగున మెత్తగా ఉంటే ఆ మెత్తదనం పోయేదాకా తవ్వి, కొత్త కంకరని రాతిపొడితో, అంటే డస్టుతో, కలిపి వేసి, దిమ్మిసతో బాగా కొట్టాలి. ఆ తర్వాత గాలి మిషన్‌తోనో, అది లేకపోతే గట్టి బ్రష్షుతోనో దుమ్ము దులిపి, ఆరబెట్టాలి.

అప్పుడు అంచులకీ అడుక్కీ టాక్ కోటు రాయాలి. తారుని నీళ్ళలో కలిపి తయారుచేసే ఎమల్షన్ అది. పాత తారు మీదైతే చదరపు మీటరుకి 200 నుంచి 300 గ్రాములు చాలు. ఇంకాస్త వేస్తే ఇంకాస్త పట్టుకుంటుందనుకుని కొందరు కుమ్మరిస్తారు. ఎక్కువైతే పొర జారుతుంది, ఎండాకాలంలో తారు పైకి ఉబికి వస్తుంది. రాసిన వెంటనే దాని రంగు చూడండి, చాక్లెట్ రంగులో ఉంటుంది. కాసేపటికి నల్లబడుతుంది. నల్లబడిందంటే అందులోని నీరు విడిపోయి తారు రాయిని పట్టుకుందని అర్థం. ఆ కాసేపు ఆగలేక గోధుమరంగు మీదే మాలు పోసేసిన పనులు నేను లెక్కలేనన్ని చూశాను. అవన్నీ తిరిగి మా దగ్గరికే వచ్చాయి.

మాలు పోసేటప్పుడు లోతైన గొయ్యిని ఒకేసారి నింపకూడదు. మూడు నాలుగు అంగుళాల చొప్పున పొరలుగా వేసి, ప్రతి పొరనీ కుదించాలి. అంచుల నుంచి మధ్యకి రావాలి. ఆఖరి పొర రోడ్డుకన్నా కొంచెం ఎత్తుగా వేస్తే, రోలర్ పడ్డాక సమానంగా కూర్చుంటుంది. పల్లంగా వదిలితే అక్కడే నీళ్ళు నిలుస్తాయి, మరీ ఎత్తుగా వదిలితే ప్రతి బండీ దాని మీద ఎగిరిపడి పక్కన ఇంకో గొయ్యి చేస్తుంది. అందుకే మూడు మీటర్ల పొడవున్న, వంకర లేని పట్టీ అడ్డంగా పెట్టి, కింద సందు ఉందేమో చూస్తాం. చివర్లో అంచుల చుట్టూ సీలు రాస్తే నీళ్ళకు దారి మూసుకున్నట్టే.

వేడి మాలైతే వేడి ముఖ్యం. మనం ఎక్కువగా వాడే వీజీ 30 రకం తారుతో కలిపిన మాలు రోడ్డు మీద పరిచేటప్పటికి కనీసం 140 డిగ్రీలు ఉండాలి, అది 90 డిగ్రీలకు పడిపోయేలోపు రోలింగ్ అయిపోవాలి. చిక్కు ఇక్కడే వస్తుంది. మాలు కలిపే ప్లాంటు ఎక్కడో ఉంటుంది, గుంతలు కొండ మలుపుల్లో పదిచోట్ల ఉంటాయి. ట్రాక్టరు తొట్టిలో మాలు మొదటి గొయ్యి దగ్గర పొగలు కక్కుతుంది, ఆరో గొయ్యికి వచ్చేసరికి పారతో పొడిస్తే ముద్దగా లేస్తుంది. చల్లారిన మాలుని ఎన్ని టన్నుల రోలర్‌తో తొక్కినా లోపల గాలి సందులు ఉండిపోతాయి. అలాంటి ట్రాక్టరుని వెనక్కి పంపించమని చెప్పడానికి చాలా ధైర్యం కావాలి. నేను అన్నిసార్లూ చెప్పలేకపోయాను. ఆ బాధ నాకు ఇప్పటికీ ఉంది.

పైగా వానాకాలంలో హాట్ మిక్స్ ప్లాంట్లు నడవవు. తడి రోడ్డు మీద వేడి తారు వేయకూడదని నిబంధనే ఉంది. గుంతలు పడేది మాత్రం సరిగ్గా అప్పుడే. అందుకని జూలై, ఆగస్టుల్లో అధికారులు కంకర, డస్టు పోసి తొక్కించి, దసరా వెళ్ళాక తారు వేస్తామంటారు. జనానికి కోపం వస్తుంది, న్యాయమే. కానీ ఆ కంకర తాత్కాలికమని తెలిసి వేస్తున్నంతకాలం నేను దాన్ని తప్పు పట్టను. తప్పెక్కడంటే, దసరా వెళ్ళాక కూడా ఎవరూ తిరిగి రాకపోవడం.

వానలో పనికొచ్చే కోల్డ్ మిక్స్ కూడా ఉంది. ఎమల్షన్‌తో చల్లగానే కలిపే మాలుకీ, బస్తాల్లో సిద్ధంగా దొరికే ప్యాచింగ్ మాలుకీ ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 2014లోనే ప్రమాణాలు రాసింది. ఢిల్లీలోని కేంద్ర రహదారి పరిశోధన సంస్థ ఉక్కు కర్మాగారాల్లో మిగిలే స్లాగ్‌తో, నీళ్ళున్న గుంతలో సైతం వేయదగిన మాలు తయారుచేసింది. బెంగళూరులాంటి పెద్ద ఊళ్ళలో ఒకే లారీ గొయ్యిలోకి గాలి ఊది, ఎమల్షన్ చల్లి, తడిపిన సన్న కంకర చిమ్మి వెళ్ళిపోతుంది. మన కొండ రోడ్ల మీదికి అంత ఖరీదైన మిషన్ రావాలని నేను అడగను. బస్తా మాలు ప్రతి సెక్షన్ గోడౌన్‌లో వానలకు ముందే వచ్చి ఉండాలని మాత్రం గట్టిగా అడుగుతాను.

ఇక్కడ ఒక నిజం చెప్పాలి. 1990లలో అమెరికా, కెనడాల్లో వెయ్యికి పైగా ప్యాచ్‌లు రకరకాల పద్ధతుల్లో వేసి, ఏళ్ళ తరబడి గమనించారు. గొయ్యిలో మాలు వేసి లారీ చక్రంతో తొక్కించి వదిలేసిన ప్యాచ్‌లు కూడా, మాలు మంచిదైతే, నలుచదరంగా కోసి వేసినవాటితో దాదాపు సమానంగా నిలిచాయి. చవక మాలు వేసినచోట మాత్రం మళ్ళీ మళ్ళీ వెళ్ళాల్సి వచ్చి కూలి, లారీ, డీజిలు ఖర్చే తడిసి మోపెడైంది. అది చదివాక నేను చాలా ఆలోచించాను. అయితే మేస్త్రి చెప్పింది తప్పా? కాదు. మన ఊరి రోడ్లకు పైపొర బొటనవేలంతే. ఇక్కడ గొయ్యి పడిందంటే చాలాసార్లు కింద కంకర కూడా చెడిందన్నమాట. చెడిన అడుగు మీద ఎంత మంచి మాలు వేసినా కూర్చోదు. వాన కురుస్తుంటే మంచి మాలు వేసి తొక్కించి ప్రాణాలు కాపాడండి. వాన తగ్గాక వచ్చి అడుగు తవ్వి చూడండి. రెండూ చేయాలి.

వెనక వరసలో చెయ్యెత్తారు, చెప్పండి అన్నయ్యగారూ. లారీల వాళ్ళనే అందరూ తిడతారు, మా తప్పెంత అని అడుగుతున్నారు. మంచి ప్రశ్న. 1958 నుంచి 1960 దాకా అమెరికాలో ఇలినాయ్ రాష్ట్రంలో ఒటావా ఊరి దగ్గర గుండ్రంగా తిరిగే రోడ్లు వేసి, సైనికుల చేత లారీలు తిప్పించి చూశారు. ఇరుసు మీద బరువు రెండింతలైతే రోడ్డుకి నష్టం సుమారు పదహారింతలవుతుందని తేలింది. అందుకే వంద మోటార్ సైకిళ్ళు చేయని చెరుపు ఒక్క ఓవర్‌లోడ్ లారీ చేస్తుంది. మన దేశంలో 2018లో నాలుగు టైర్ల ఇరుసుకి అనుమతించే బరువుని 10.2 టన్నుల నుంచి 11.5 టన్నులకు పెంచారు. పెరిగింది టన్నున్నర కన్నా తక్కువే, నష్టం మాత్రం లెక్క ప్రకారం ఒకటిన్నర రెట్లు దాటుతుంది. మీరు చట్టం ప్రకారమే లోడు వేశారనుకుందాం, అయినా పాత లెక్కతో కట్టిన రోడ్డు దాన్ని మొయ్యాలి. కాబట్టి తప్పు మీ ఒక్కరిదే అనను. కానీ ఆ పైన ఇంకో రెండు టన్నులు వేస్తే, ఆ గొయ్యిలో రేపు పడేది మీ లారీయే అన్నయ్యగారూ. కమాను విరిగితే ఖర్చెవరిది?

ఇక మన సరిహద్దు బాధ. కూనేరు దాటగానే రోడ్డు రాష్ట్రం మారుతుంది, శాఖ మారుతుంది, కాంట్రాక్టరు మారతారు. మజ్జి గౌరమ్మ దర్శనానికి విజయనగరం, శ్రీకాకుళం నుంచి వచ్చేవాళ్ళకు రాయగడ దాకా ఒకటే దారి. ఆఫీసులకు మాత్రం అది రెండు ఫైళ్ళు. అటు నుంచి నల్లగా వేసుకుంటూ వచ్చినవాళ్ళు సరిహద్దు రాయి దగ్గర ఆపేస్తారు, ఇటువాళ్ళు ఆర్నెల్ల తర్వాత మొదలుపెడతారు, మధ్యలో ఇరవై అడుగులు ఎవరిదీ కాకుండా మిగులుతుంది. ఒకసారి అలాంటి చోట మా గ్యాంగుతో అవతలి వైపు పది అడుగులు కూడా పూడ్పించాను. తర్వాత దానికి సంజాయిషీ రాయాల్సి వచ్చింది. పూడ్చిన సాయంత్రమే ఒక గర్భిణిని తీసుకెళ్తున్న ఆటో అక్కడ ఆగకుండా వెళ్ళడం నా కళ్ళతో చూశాను. ఆ సంజాయిషీ రాసినందుకు నాకు ఏ బాధా లేదు.

ఫిర్యాదు ఎవరికి చెయ్యాలని చాలామంది అడుగుతుంటారు. జాతీయ రహదారుల సంస్థ చూసే రోడ్డయితే 1033కి ఫోన్ చేయండి. ప్రధానమంత్రి గ్రామ సడక్ యోజన కింద వేసిన ఊరి రోడ్డయితే, వేసిన కాంట్రాక్టరే ఐదేళ్ళు బాగుచేయాలని ఒప్పందంలోనే ఉంటుంది. రోడ్డు మొదట్లో ఉండే బోర్డు మీద పని పూర్తయిన తేదీ చూసుకుని, మేరీ సడక్ యాప్‌లో ఫొటో పెట్టండి. మిగతా పెద్ద రోడ్లు రాష్ట్ర వర్క్స్ శాఖవి, ఊళ్ళో వీధులు మునిసిపాలిటీవి. ఫొటోలో గొయ్యి పక్కన కిలోమీటరు రాయి గానీ కల్వర్టు నంబరు గానీ కనిపించాలి. "రోడ్డు బాగోలేదు" అని రాస్తే ఎవరూ కదలరు. "ఫలానా రాయి దగ్గర, మలుపులో, ఎడమ చక్రం దారిలో, జానెడు లోతు" అని రాస్తే జేఈ, అంటే జూనియర్ ఇంజనీరు, వచ్చి చూడక తప్పదు. 2019లో మోటారు వాహనాల చట్టాన్ని సవరించినప్పుడు, ప్రమాణాల ప్రకారం రోడ్డు నిర్వహించనందువల్ల ఎవరైనా చనిపోయినా, అంగవైకల్యం వచ్చినా బాధ్యులకు లక్ష రూపాయల దాకా జరిమానా వేయొచ్చని 198ఏ సెక్షన్ చేర్చారు. లక్షతో ప్రాణం తిరిగి రాదు. కానీ కాగితం మీద తేదీతో ఫిర్యాదు ఉంటే, మాకు తెలియదని ఎవరూ అనలేరు.

ఇందాక ఒకమ్మ చీటీ పంపించారు. మా వీధి గొయ్యిలో మేమే మట్టి పోసుకోవచ్చా అని. మట్టి మాత్రం వద్దమ్మా. ఎర్రమట్టి రెండు రోజులు బాగుంటుంది, వాన పడగానే పాయసం అయిపోతుంది, లోతెంతో తెలియక బండ్లు పడతాయి. ఇటుక ముక్కలు కూడా నలిగి పొడైపోతాయి. వెయ్యక తప్పదంటే నల్లరాయి కంకర, దాని సందుల్లోకి డస్టు వేసి, దిమ్మిసతో గట్టిగా కొట్టండి.

అయితే దానికి ముందు ఇంకో పని ఉంది, అది మీ చేతిలోనే ఉంది. రోడ్డు నడుమ ఎత్తుగా, పక్కలకు వాలుగా ఉండాలి. ఏడు మీటర్ల రోడ్డుకి నూటికి రెండున్నర చొప్పున వాలిస్తే నడిమి భాగం అంచుకన్నా సుమారు మూడున్నర అంగుళాల ఎత్తులో ఉంటుంది. నీళ్ళు పక్కకి జారి కాలువలో పడాలని ఆ ఏర్పాటు. కానీ రోడ్డు పక్క మట్టి అంచు, అంటే బెర్ము, మీద ఏటా గడ్డి పెరిగి, దాన్ని పట్టుకుని మట్టి పేరుకుని, రోడ్డుకన్నా ఎత్తయిపోతుంది. అప్పుడు నీళ్ళు గట్టుకి తగిలి రోడ్డు అంచునే నిలిచిపోతాయి. మన గుంతల్లో ఎన్నో అక్కడే పుడతాయి. మీ వీధి గొయ్యి కూడా నేను వచ్చేటప్పుడు చూశాను. దానికి ఆనుకుని ఉన్న గడ్డిగట్టు నాలుగు వేళ్ళ ఎత్తుంది, అవతల కాలువ ఎండిపోయి ఉంది. నీళ్ళన్నీ రోడ్డు మీదే ఉన్నాయి.

ఆదివారం ఉదయం ఆరున్నరకి నేను అక్కడికి వస్తాను. వాన లేకపోతే ముందు ఆ గట్టుని రెండు చోట్ల పార వెడల్పున కోసి నీళ్ళు కాలువలోకి వదులుదాం. కంకర సంగతి ఆ తర్వాత. ఇద్దరు ముగ్గురు కుర్రాళ్ళు రండి, ఒక గునపం, రెండు పారలు తెచ్చుకోండి. దిమ్మిస మా ఇంట్లో ఉంది, నేను తెస్తాను.